గంగమ్మకుర్రుకు తీగ గుంజిన నాళ్లు

కరెంటు పనిలో కొత్తగా చేరిన పిల్లలు కొందరు మొన్న కోరుట్లలో మా ఇంటికి వచ్చారు. "తాతా, మీ కాలంల పని ఎట్లుండె? జర చెప్పరాదు" అన్నారు. చెప్పాను. పొద్దు గూకినా నా మాట అయిపోలేదు. పోతూ పోతూ ఒకడు "గిదంత రాసి పెట్టరాదు తాతా" అన్నాడు. అందుకని రాస్తున్నాను.

నా ప్రమోషన్ల ముచ్చట ఇందులో ఉండదు. సర్వీసు జరిగితే అవి వాటంతటవే వస్తాయి. సన్మానాల ముచ్చటా ఉండదు. శాలువా కప్పుకున్నవాడు స్తంభం ఎక్కలేడు. నాకు పని అంటే ఏమిటో తెలిసిన సంగతులు రెండు మూడే ఉన్నాయి. వాటినే చెప్తాను.

గుంతలు తవ్వే కూలీ

నేను ఈ పనిలోకి గుంతలు తవ్వే కూలీగా వచ్చాను. స్తంభానికి గుంత తవ్వాలి, స్తంభం లేపేటప్పుడు తాడు పట్టాలి, అంతే. జీతం నాడు వేలిముద్ర వేసేవాణ్ని. పెళ్లయి, పెద్ద బిడ్డ బడికి పోతున్న నాటికి కూడా నా పేరు నాకు రాయరాదు.

అక్షరాలు నేర్పింది ఖాజా. జగిత్యాలవాడు, నాకంటే ముందు లైన్‌మన్ అయ్యాడు, చివరిదాకా నా జోడీ. సబ్‌స్టేషన్ గోడ మీద బొగ్గుతో రాసి దిద్దించేవాడు. నేను వద్దని మొండికేస్తే ఊరుకునేవాడు కాదు.

"అరె నర్సయ్యా, పుర్రె బొమ్మ జూసి దూరం జరుగుడు మేక గూడ జేస్తది. దాని పక్కకు ఏం రాసిండ్రో అది సదువు భాయ్."

ఖాజా చదివింది ఉర్దూ బడిలో. తెలుగు ఒత్తులు వాడికే సరిగా రావు, నాకెట్లా వస్తాయి? ఇందులో ఒత్తులు తప్పుంటే వాణ్ని అనండి.

మగ్గాల చప్పుడు

మొదట నన్ను సిరిసిల్లకు వేశారు. అక్కడ సందు సందుకూ మరమగ్గాలు. అవి ఆడుతుంటే పక్కవాడి మాట వినపడదు. కరెంటు పోయిందంటే ఊరు ఊరంతా ఒక్కసారిగా మూగబోయేది. దానివల్ల అక్కడి లైన్‌మన్లకు ఒక అలవాటు పడింది. లైను బంద్ అయిందా లేదా అని సబ్‌స్టేషన్‌లో అడిగేవాళ్లు కాదు. చెవి పెట్టి వినేవాళ్లు. మగ్గాలు ఆగాయంటే కరెంటు లేనట్టు. ఇక ఎక్కడమే.

నాకు పని నేర్పిన రాజయ్య మేస్త్రీ ఏండ్ల తరబడి ఆ పద్ధతిలోనే పనిచేశాడు. ఒకనాడు పట్టపగలు మగ్గాలు ఆగాయి. "పోయింది కరెంటు, నిచ్చెన ఎయ్యి" అన్నాడు. వేశాను. ఎక్కి తీగ పట్టుకున్నాడు.

కరెంటు పోలేదు. ఆ పూట కార్మికులు సమ్మె అని మగ్గాలు ఆపి బయటికి వచ్చారు.

రాజయ్య బతికాడు గాని కుడిచెయ్యి మోచేతి దాకా పోయింది. ఆసుపత్రికి వెళ్తే నన్ను చూసి "సమ్మె జేసేటోళ్లు జర మాకు గూడ ఒక మాట చెప్పద్దారా?" అన్నాడు. నన్ను నవ్వించాలనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

పిల్లలూ, లైన్ క్లియర్ అనే మాట మీకు మొదటి రోజే చెప్తారు. నాకు అది రాజయ్య చెయ్యి పోయాక తెలిసింది. ఫలానా లైను మీద నేను పనికి ఎక్కుతున్నాను, స్విచ్ తీసి పెట్టమని సబ్‌స్టేషన్‌లో అడగాలి. వాళ్లు స్విచ్ తీసి, తాళం వేసి "లైన్ క్లియర్ ఇచ్చినం" అంటారు. పని అయిపోయాక తీసుకున్నవాడే పోయి వాపసు ఇవ్వాలి. వాడు కాక ఇంకెవరు వచ్చి చెప్పినా, ఎంత పెద్ద ఆఫీసరు చెప్పినా స్విచ్ వేయకూడదు. లైను మీద ఉన్నవాడి ప్రాణం ఆ ఒక్క మాట మీదే ఉంటుంది. చేతి తొడుగులు, ఎర్తు రాడ్లు మా కాలంలో పేరుకే ఉండేవి.

స్తంభం కింద ఇద్దరు

ఆ ఏండ్లలో మా పక్క ఊళ్లల్లో అన్నల మాట నడిచేది. నక్సలైట్లను మేము అన్నలు అనేవాళ్లం. స్తంభం ఎక్కినవాడికి నాలుగు దిక్కులూ కనపడతాయి. మాకు ముప్పు అక్కడే వచ్చేది. పోలీసులు "పైకెళ్లి ఎవర్ని జూసినవ్?" అంటారు. అన్నలు "ఎవర్ని జూసినట్టు చెప్పినవ్?" అంటారు. పెగడపల్లి దిక్కు ఒకే స్తంభం కింద పొద్దున ఒకరు, సాయంత్రం ఒకరు నిలబడి నన్ను ఇట్లాగే అడిగారు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాను.

"పైకెక్కినంక నాకు తీగె కట్టే పింగాణి కప్పులు తప్ప ఏం కనవడవు సారూ."

ఒకరు నవ్వారు. ఒకరు చెంప మీద కొట్టారు. ఎవరు ఏది చేశారో ఇప్పుడు కూడా రాయను.

అప్పటి మా ఇంజనీరు మోహన్‌రావు. ఎల్లంతకుంట దగ్గరి దొరల ఇంటి మనిషి. ఊళ్లో వాళ్ల గడీ ముందు అన్నలు జెండా పాతాక కుటుంబమంతా కరీంనగర్ చేరింది. ఆయన బాగా చదువుకున్నవాడు. మమ్మల్ని ఏనాడూ అరే ఒరే అనలేదు. కాని పిరికివాడు. ఈ మాట ఆయన ముందు కూడా అన్నాను, ఇప్పుడూ అంటాను. జీపు చప్పుడైతే పోలీసులని భయం, చప్పుడు లేకపోతే అన్నలని భయం. పల్లెలోకి తనిఖీ పడిందంటే ఆయనకు జ్వరం వచ్చేది.

"మా సారుకు ఊరి పేరు జూసి టెంపరేచర్ ఎక్కుతది" అనేవాడు ఖాజా.

ఇలాంటి ఇంజనీరు కింద మేము గంగమ్మకుర్రు పని చేయాల్సి వచ్చింది.

కుర్రు

గోదావరిని మేము గంగ అంటాం. గంగ రెండు పాయలుగా చీలి, కింద మళ్లీ కలుస్తుంది. నడుమ మిగిలిన నేలే కుర్రు. జగిత్యాలకు పైన అలాంటి ఒక కుర్రు మీద గంగమ్మ గుడి, మామిడితోట, బెస్తవాళ్ల ఇండ్లు ఉండేవి. ఒడ్డు నుంచి పడవలో పోవాలి.

ఊరు చిన్నదే గాని మా మూడు పట్టణాల వాళ్లకు దాని మీద ఉన్న మోజు చెప్పలేను. మాఘమాసం జాతరకు సిరిసిల్ల నుంచి మగ్గాలు బంద్ పెట్టుకుని వచ్చేవాళ్లు. కోరుట్ల, జగిత్యాల ఆడవాళ్లు బీడీల చాటలు పక్కన పెట్టి పిల్లాపాపలతో వచ్చి, తోటలో చద్దర్లు కట్టుకుని మూడు రోజులు ఉండేవాళ్లు. దుబాయి పోయే మొగవాళ్లు బొంబాయి బస్సు ఎక్కకముందు అక్కడొక మునక మునిగి, రాజవ్వ చేపల కూర తిని పోయేవాళ్లు. "ఆడ ఇసుకనే ఉంటదట గదా, మల్ల ఈ ఇసుకల గూసునుడెందుకురా?" అని రాజవ్వ అడిగేది. "ఈ ఇసుక పక్కకు నీళ్లున్నయి అత్తా" అనేవాళ్లు.

రాజవ్వ మగడు పడవ మీద పోయినవాడు మళ్లీ రాలేదు. అప్పటినుంచి ఆమె రేవు పైన వంట పెట్టుకుని బతికేది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. ఒక్కమాట అంటే రెండు గరిటెలు వడ్డించేది. కుర్రులో ఏది తెగాలన్నా ఆమె మాటతోనే తెగేది.

ఆ ఏడు గాలి

సముద్రంలో పుట్టిన తుఫాను మా దాకా వచ్చేసరికి వట్టి వానగా మిగులుతుంది. రెండు రోజులు ముసురు పట్టి పోతుంది. ఆ ఏడు దీపావళి ముందర వచ్చింది మాత్రం గాలిని కూడా తెచ్చింది. మామిడితోట వేర్లతో సహా పడింది. గుడి ముందరి సత్రం రేకులు లేచి గంగలో పడ్డాయి. మా స్తంభాలు చొప్పకట్టెల్లా విరిగాయి. గాలి ఆగిన తర్వాత గంగ లేచింది. కుర్రు జనం ముందే పడవల్లో ఒడ్డుకు చేరారు గనుక మనుషులు దక్కారు. ఇండ్లు దక్కలేదు.

నీళ్లు దిగాక నేనూ ఖాజా పోయి చూశాం. మోకాలి లోతు బురద. గుడిలో గంగమ్మకు మెడదాకా ఒండ్రు.

కుర్రు జనాన్ని ఒడ్డు మీది బడిలో ఉంచారు. ఆర్డీవో వచ్చి చూసి, మర్యాదగానే చెప్పాడు. అక్కడ కరెంటు లేదు, మంచినీళ్ల మోటరు తిరగదు, ఉండడానికి ఇల్లు లేదు. ఈ ఏడు జాతర ఒడ్డు మీదనే జరుపుతాం, మీకు కూడా ఒడ్డు మీదనే జాగ ఇస్తాం అన్నాడు. జాతర ఏర్పాట్లకు ముందు ఇంకొకసారి వచ్చి చూసి, అదే ఖాయం చేస్తానన్నాడు.

మరునాడు పొద్దున్నే రాజవ్వ మా ఆఫీసులో ఉంది. మోహన్‌రావు కుర్చీ ముందు కింద కూర్చుంది.

"సారూ, జాతర ఒక్కపారి ఒడ్డెక్కిందంటే మల్ల పడవెక్కది. దుకాణపోళ్లు ఒడ్డు మీదనే పాతుకపోతరు. మేము ఒడ్డు మీద ఏం జేసి బతకాలె? మాకు గంగల పడుడొస్తది, గంగల ఈదుడొస్తది. ఇంకేం రాదు."

"అమ్మా, దానికి బడ్జెట్ లేదు. వచ్చే ఏడు..." అన్నాడు ఆయన.

"అచ్చే యేడు మేముండం సారూ. సగం మంది మగ్గాల పనికి బివండి పోతమంటున్నరు. మూటలు గూడ గట్టిండ్రు. ఆర్డీవో సారు మల్లొచ్చేటాళ్లకు కుర్రుల లైటు బుగ్గ వెలిగితె, కరెంటు లేదని ఎట్లంటడు? గదొక్కటి చెయ్యి. ఇండ్లు మేము గట్టుకుంటం."

మోహన్‌రావు నా వైపు తిరిగి "బోయినపల్లి దగ్గర పాత లైను తీసేసినం గదా నర్సయ్యా, ఆ స్తంభాలు ఏడున్నయి?" అన్నాడు.

అట్లా మొదలైంది.

పడవల మీద స్తంభాలు

బోయినపల్లి నుంచి స్తంభాలు, కోరుట్ల గోదాం నుంచి తీగ డ్రమ్ములు లారీలో రేవుకు తెచ్చాం. స్తంభం ఒక్క పడవలో పట్టదు. రెండు పడవలను పక్కపక్కన కట్టి, అడ్డంగా స్తంభం వేసి, రెండు చివర్లా మనుషులు కూర్చుని బరువు ఆపుతూ దాటించాం. బెస్తవాళ్లే చేశారు. మాకు కూలీలను పెట్టే ఉత్తర్వు లేదు, వాళ్లు కూలి అడగనూ లేదు. బురదలో గుంత తవ్వితే పక్కలు కూలిపోయేవి. పడిపోయిన మామిడి కొమ్మలు గుంత చుట్టూ దిగేసి, నడుమ స్తంభం నిలబెట్టాం. ఆడవాళ్లు తట్టలతో రాళ్లు మోసి పోశారు. రాజవ్వ తట్ట మోస్తూనే అందరినీ తిట్టేది. తిట్లు లేకపోతే స్తంభం లేవదేమో అన్నట్టు ఉండేది.

ఇక పాయ మీదుగా తీగ గుంజడం మిగిలింది. గాలికి పడకుండా మిగిలినవి ఒడ్డు మీద ఒక ఎత్తు టవరు, కుర్రు మీద ఒకటి. డ్రమ్ము ఒడ్డు మీద ఉంటుంది. దాని దగ్గర ఖాజా. తీగ కొసకు తాడు కట్టి, తాడు కొసను పడవలో కుర్రుకు తెచ్చి, టవరు మీది కప్పీలోంచి కిందికి దింపి జనమంతా గుంజాలి. నేను టవరు మీద ఉంటాను. తాడు నీళ్లకు దగ్గరగా వేలాడుతుంది గనుక పడవలవాళ్లకు కనిపించేలా దానికి ఎర్రగుడ్డ పేలికలు కట్టాం. అది మా పనిలో పద్ధతి.

ఆర్డీవో మరునాడు పొద్దున వస్తాడని కబురు అందింది. తీగలు ఆ రోజే దాటాలి. పొద్దున్నే నేను సబ్‌స్టేషన్‌కు పోయి లైన్ క్లియర్ తీసుకున్నాను. ఆ లైను బంద్ అయితే ఒడ్డు మీది ఊళ్లకూ కరెంటు ఉండదు. మోహన్‌రావు ఆ రోజు స్విచ్ దగ్గర తానే కూర్చుంటానన్నాడు. రేవు దాకా రావడానికి భయపడి అక్కడ కూర్చున్నాడని మేమిద్దరం అనుకున్నాం. నిజం కూడా అదే.

రెండు తీగలు ఇబ్బంది లేకుండా దాటాయి. మూడో తీగ మొదలుపెట్టేసరికి పొద్దు వాలింది. పాయ అవతలి నుంచి ఖాజా అరిచాడు.

"నర్సయ్యా! లైన్ క్లియరేనా?"

నేను టవరు మీదినుంచి అరిచాను.

"లైన్ క్లియర్ ఉన్నది! పంపు!"

పంపమన్నది తీగను. ఒడ్డు మీది తుంగలో లుంగీలు కట్టుకుని కూర్చున్న పోలీసులకు ఆ సంగతి ఎట్లా తెలుస్తుంది?

జీపు మలిగిన దిక్కు

కుర్రు మీదుగా అన్నల దళం గంగ దాటుతుందని వాళ్లకు ఎవరో చెప్పారట. వాళ్ల వైపు నుంచి ఆలోచించండి. ఊళ్లన్నిటికీ పొద్దుటినుంచి కరెంటు లేదు. చీకటి పడబోతున్నది. నీళ్ల మీద ఎర్రగుడ్డలు ఊగుతున్నాయి. ఒకడు అవతలి గట్టు నుంచి దారి క్లియర్‌గా ఉంది, పంపమని అరుస్తున్నాడు.

తీగ కొస నా చేతికి అందిన వేళకే తుంగలోంచి మనుషులు లేవడం, ఖాజా చేతులు ఎత్తడం నేను పైనుంచి చూశాను. జీపు ఎక్కించే ముందు ఖాజా వాళ్లను ఏదో బతిమాలి, వెనక్కి వచ్చి డ్రమ్ము ఊసల్లో గడ్డపార దూర్చిపోయాడు. గడ్డపార లేకపోతే డ్రమ్ము తనంత తాను తిరిగి, తీగంతా గంగలో పోయేది. తలకు తుపాకీ ఆనించినప్పుడు కూడా వాడు డ్రమ్ము ఆపడం మరువలేదు. పని రావడం అంటే నా లెక్కలో ఇదే.

రేవు దాటాక బాట రెండుగా చీలుతుంది. ఎడమకు పోతే పోలీసు క్యాంపు. కుడికి పోతే సబ్‌స్టేషన్. జీపు కుడికి మలిగింది.

ఊళ్లకు చీకటి అన్నల కోసమే చేశామనుకున్నట్టున్నారు. కరెంటు ఇప్పించడానికే పోతున్నారు. ఒడ్డు టవరు దగ్గర పాత తీగల కొసలు మా కొత్త తీగలకు జానెడు దూరంలో గాలికి ఊగుతున్నాయి. స్విచ్ వేస్తే, ఒక్క కొస తాకితే చాలు. కింద కుర్రు జనమంతా మోకాలి లోతు బురదలో, తడి తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు. నా చేతిలో తీగ కొస ఉంది.

"ఇడువుండ్రి! తాడు ఇడిశి దూరం ఉరుకుండ్రి!" అని అరిచాను.

ఎవరూ వదలలేదు. రాజవ్వ తల పైకెత్తింది.

"ఇడిస్తె ఏమైతది?"

"తీగె గంగల పోతది. ఇడువకపోతె సస్తరు, కరెంటిస్తరేమో!"

"ఇస్తరేమోనా, ఇస్తరా?"

"నాకేం దెలుసు! ఆడ మోహన్‌రావు సారున్నడు."

"ఇయ్యడా ఆయిన?"

ఇయ్యడు అని అనలేకపోయాను. జ్వరాల మోహన్‌రావు. ఎస్సై ఒక్కసారి గదిమితే స్విచ్చే కాదు, సబ్‌స్టేషనే రాసిస్తాడనుకున్నాను. రాజవ్వ ఒక్కక్షణం నన్నే చూసింది.

"లైను ఎవలి పేరు మీదున్నది?"

"నా పేరు మీద."

"మరి నువ్వీడున్నవ్ గదా. నువ్వు పోకుంట ఎట్లిస్తరు? కట్టు, జల్ది కట్టు. గాయినె మీద నమ్మకం లేకపోతె నా మీద పెట్టుకొని కట్టు." మళ్లీ జనం మీద పడింది. "గుంజుండ్రి! ఏం జూస్తుండ్రు, నా మొకంల తీగె ఉన్నదా?"

గుంజారు. నేను కట్టాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. తీగను పింగాణి దగ్గరికి లాగి, కట్టు తీగ చుడుతుంటే ప్రతి చుట్టుకూ ఇదే ఆఖరుది అనుకున్నాను. ఏమీ కాలేదు. కట్టు అయిపోయింది. తాడు వదలమన్నాను.

కిందికి దిగాక కొందరు "ఒడ్డుకు పోకు నర్సన్నా, పట్టుకపోతరు" అన్నారు. ఆ రోజుల్లో ఇంతకంటే చిన్న అనుమానానికి పట్టుకుపోయిన మనుషులు తిరిగి రాలేదు. అది అందరికీ తెలుసు. నేను పోకపోతే లైన్ క్లియర్ వాపసు ఇచ్చేవాడు లేడు, ఖాజా వైపు మాట్లాడేవాడూ లేడు. పడవ ఎక్కాను. నాకంటే ముందు రాజవ్వ ఎక్కి కూర్చుంది.

"నువ్వెందుకు?"

"నీకు మాట్లాడ రాదు. ఎక్కు."

తాళంచెవి

సబ్‌స్టేషన్‌లో దీపాలు లేవు. జీపు లైట్లు స్విచ్ మీదికి వేసి పెట్టారు. స్విచ్‌కు పెద్ద తాళం వేసి ఉంది, తుపాకీ మడమతో కొట్టినా ఊడలేదు. దాని కింద నేల మీద మోహన్‌రావు కూర్చున్నాడు. అద్దాలు పగిలాయి, పెదవి చిట్లింది, చొక్కా గుండీలు లేవు. ఖాజా గోడకు ఆని నిలబడి ఉన్నాడు. వాడికి కూడా దెబ్బలు పడ్డాయి. ఎస్సై వేరే జిల్లా మనిషి, కొత్తగా వచ్చాడు.

"నువ్వేనా క్లియర్, పంపు అని అరిచింది?"

"నేనే సారూ."

"ఎవర్ని పంపమన్నావు?"

"తీగెను సారూ."

"ఈ గోడ దగ్గరివాడూ అదే చెప్తున్నాడు. అందరూ కూడబలుక్కున్నారు. ఆ ఎర్ర జెండాలేమిటి?"

రాజవ్వ అందుకుంది. "జెండాలు గాదు సారూ, నా పాత శీరె. పడవలోళ్లకు కనవడాలని నేనే శింపిచ్చిన. పచ్చది అడిగితే పచ్చది శింపిద్దును. మీకే రంగు పసందో ముందుగల్ల చెప్తె బాగుండు."

ఒక కానిస్టేబుల్ నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మా దిక్కు మనిషే. వాడు ఎస్సైతో మెల్లగా "సార్, లైన్ క్లియర్ అనేది కరెంటోళ్ల మాటనే సార్. మా బావ గూడ లైన్‌మనే" అన్నాడు. ఆ మాట వాడు ముందే అనాల్సింది. భయపడ్డాడు. వాణ్నీ తప్పుపట్టను.

ఎస్సై మమ్మల్ని జీపులో రేవుకు తీసుకుపోయాడు. జీపు లైట్లు టవరు మీదికి తిప్పించాడు. మూడు తీగలు, డ్రమ్ములో గడ్డపార, మేము వచ్చిన పడవలో చుట్టి పెట్టిన తాడుకు రాజవ్వ చీర పేలికలు చూశాడు. తడి తాడును చేత్తో పట్టి చూశాడు.

"ఇందాక కరెంటు ఇచ్చి ఉంటే?" అన్నాడు.

"అవుతలి గట్టు మీద అందరం పోయేటోళ్లం" అన్నాను.

ఎస్సై ఆ రాత్రి తన క్యాంపు చీకట్లోనే ఉంటుందని తెలిసి కూడా, పొద్దున పని చేసుకొమ్మని చెప్పి జీపు ఎక్కాడు.

తిరిగి సబ్‌స్టేషన్‌కు వచ్చి మోహన్‌రావు పక్కన కూర్చున్నాను. "సారూ, మీరు ఇచ్చేస్తరనుకున్న" అన్నాను. దాచడం నాకు చేతకాదు.

"నేను గూడ అనుకున్న" అన్నాడు ఆయన. "వాళ్లు జీపు దిగంగనే తెలిసింది నాకు. రెండు దెబ్బలు కొడితే ఇచ్చేస్త. నా సంగతి నాకు తెల్వదా? అందుకే దెబ్బ పడకముందే తాళంచెవి బాయిల ఏసిన."

ఖాజా దెబ్బల నొప్పి మరిచి పగలబడి నవ్వాడు. "అరె సారూ, చెవి అడిగితె బాయి జూపెట్టిండ్రా!"

"చూపెట్టిన. ఒక కానిస్టేబుల్ దిగుతనన్నడు. ఈత రాదట."

ధైర్యం గురించి నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. మోహన్‌రావు పిరికివాడే. తన పిరికితనాన్ని లెక్కలోకి తీసుకుని, అది పనికి అడ్డం రాకుండా ముందే బందోబస్తు చేసుకున్నాడు. మీకు ధైర్యం ఉంటే మంచిదే. లేకపోతే ఆయనలా చేయండి. నాకు నచ్చని ఆఫీసర్లు చాలామంది ఉన్నారు, వాళ్లను గురించి రాయడానికి ఈ కాగితం దండుగ. ఈయన్ను మాత్రం చచ్చేదాకా మరువను.

పొద్దున

తెల్లారగానే నేనూ ఖాజా ఒడ్డు టవరు పని ముగించాం. ఖాజాకు ఒక చెయ్యి లేవకపోతే రెండో చేత్తోనే పనిచేశాడు. సబ్‌స్టేషన్‌కు పోయి మోహన్‌రావు ముందు నిలబడి లైన్ క్లియర్ వాపసు ఇచ్చాను. తాళం తీయడానికి చెవి లేదు గదా, రేవు నుంచి తెచ్చుకున్న పెద్ద సుత్తెతో పగలగొట్టాం. స్విచ్ ఆయనే వేశాడు. వేసి, నిన్నటి నుంచి తినలేదని గుర్తొచ్చినట్టు, ఒక్కసారిగా కూలబడ్డాడు.

మేము కుర్రు చేరేసరికి ఆర్డీవో పడవ కూడా వచ్చింది. ఆయన ఖాళీ కుర్రును చూస్తాననుకుని వచ్చాడు. చీకటితోనే రాజవ్వ బడిలోని జనాన్నందరినీ పడవలెక్కించి తెచ్చేసింది. బివండికి మూటలు కట్టినవాళ్లు ఆ మూటలతోనే వచ్చారు. గోడలు లేని చోట చద్దర్లు కట్టారు. పొయ్యిలు రాజేశారు. మోటరు తిరుగుతున్నది. గుడిలో ఆడవాళ్లు పైపు పట్టి, గంగమ్మ మెడదాకా ఉన్న ఒండ్రును కడుగుతున్నారు. రాజవ్వ వంటచోట నాలుగు కర్రల మీద బుగ్గ పట్టపగలు వెలుగుతున్నది.

ఆర్డీవో బుగ్గను చూశాడు, నన్ను చూశాడు. "ఎవరు ఇచ్చారు దీనికి పర్మిషన్?" అన్నాడు. మోహన్‌రావు ముందుకు వచ్చి "నేను సార్" అన్నాడు. ఆర్డీవో ఆ చిట్లిన పెదవిని చూశాడు. కుర్రు చుట్టూ తిరిగాడు. పడిపోయిన మామిడిచెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చిన్నప్పుడు తల్లితో ఈ తోటలో మూడు రోజులు ఉన్నానని ఎవరితోనో అన్నాడు. కాని ఆయన అధికారి. తిరిగి వచ్చి రాజవ్వతో మెల్లగా చెప్పాడు.

"చూడమ్మా, మీ కష్టం నాకు అర్థమైంది. ఇదంతా మళ్లీ కట్టుకుంటారు, సరే. రేపు ఇంకో వరద వస్తే? గంగ ఊరుకుంటుందా? మళ్లీ వస్తుంది."

రాజవ్వ గరిటె పక్కన పెట్టింది.

"అస్తది సారూ. గంగ మల్లస్తది. మేము గూడ మల్లస్తం."

ఆర్డీవో తన గుమాస్తా వైపు తిరిగి, కుర్రు జాతరకు సిరిసిల్ల నుంచి ఎన్ని బస్సులు కావాలో డిపోను అడగమన్నాడు.